ఆగిపోయిన బిల్డు: తప్పును ఎక్కడ వెతకాలి

మనిషి రాసిన సోర్సు కోడు నుంచి యంత్రం నడపగల ప్రోగ్రామును తయారుచేయడాన్ని సాఫ్ట్‌వేర్ బిల్డు అంటారు. అందుకు అవసరమైన ఇతర ప్రోగ్రాములను, లైబ్రరీలను వెతికి, తగిన వెర్షన్లు తెచ్చి, సరైన వరుసలో అమర్చేది ప్యాకేజీ మేనేజరు. లినక్సు డిస్ట్రిబ్యూషన్లయిన డెబియన్, ఉబుంటులలో ఏపీటీ, ఫెడోరాలో డీఎన్ఎఫ్, మ్యాక్ కంప్యూటర్లలో మ్యాక్‌పోర్ట్స్, హోమ్‌బ్రూ, పైథాన్‌కు పిప్, జావాస్క్రిప్టుకు ఎన్‌పీఎం ఈ కోవలోవి. చక్కగా నడుస్తున్న బిల్డు మధ్యలో ఆగిపోయి, తెర నిండా వందల వరుసలు పరిచి, చివర విఫలమైందని ఒక ముక్క చెప్పి ఊరుకోవడం ఈ పని చేసే ప్రతివారికీ ఎదురయ్యేదే. అసలు కారణం ఆ వందల వరుసల్లోనే దాదాపు ఎప్పుడూ ఉంటుంది. చివరి వరుసలో మాత్రం అరుదుగా ఉంటుంది.

దీన్ని ఒక తెలుగు అవసరంతో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. జమ్మలమడుగు దగ్గర పెన్నా లోయ అంచున ఉన్న గండికోట చరిత్రకు దొరికే ఆధారాలలో సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతు, అంటే గ్రామ చరిత్ర నివేదిక, ఒకటి. కడప జిల్లా గ్రామాల కైఫీయతులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. అచ్చు పుటను ఫొటో తీస్తే కంప్యూటరుకు అది బొమ్మ మాత్రమే. అందులో గండికోట పాలకుల ఇంటిపేరు పెమ్మసాని ఉందో లేదో వెతకాలంటే బొమ్మను అక్షరాలుగా మార్చాలి. ఆ పని చేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో పేరుపొందినది టెసెరాక్ట్. ఇది 1985 నుంచి 1994 వరకు హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో రూపొందింది. 2005లో దాని సోర్సును అందరికీ తెరిచారు. ఆ మరుసటి ఏడాది నుంచి గూగుల్ అండగా నిలిచింది. 2018లో వచ్చిన నాలుగో వెర్షనుతో నాడీజాల పద్ధతికి మారింది, ఐదో వెర్షను 2021లో వచ్చింది. తెలుగు చదవగలదు.

బిల్డు దాకా వెళ్లేముందు అసలు బిల్డు అవసరమా అని చూసుకోవాలి. డెబియన్, ఉబుంటులలో టెసెరాక్ట్ సిద్ధంగా కట్టిన ప్యాకేజీగానే దొరుకుతుంది. తెలుగు నేర్చిన డేటా మరో ప్యాకేజీగా ఉంటుంది. మొదటిది వేసుకుని రెండోది మరిచిపోతే తెలుగు డేటా ఫైలు తెరవలేకపోయానని ప్రోగ్రాము చెబుతుంది. అది బిల్డు లోపం కాదు, సోర్సు తెచ్చి మళ్లీ కట్టినా అదే సందేశం వస్తుంది. వాడుతున్న డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్న వెర్షను మరీ పాతదైనప్పుడు, లేదా సీసపు అచ్చు నాటి అక్షర రూపాలను టెసెరాక్ట్‌కు కొత్తగా నేర్పే సాధనాలు ఆ ప్యాకేజీలో లేనప్పుడు మాత్రమే సోర్సు నుంచి కట్టే శ్రమ సార్థకం.

బిల్డులో పనులు ఒక వరుసలో సాగుతాయి. సోర్సు దిగుతుంది. దిగినది చెడిపోలేదని సరిచూస్తారు. డిపెండెన్సీలు, అంటే ఇది ఆధారపడే ఇతర ప్యాకేజీలు, వస్తాయి. ఈ యంత్రంలో ఏమేమి ఉన్నాయో కాన్ఫిగర్ దశ కనుక్కుంటుంది. ఆ తరువాత కంపైలింగ్, లింకింగ్, చివర ఇన్‌స్టాల్. బిల్డు ఏ దశలో ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే ఏ దశ జబ్బులు ఆ దశకే ఉన్నాయి.

దిగుమతి దశలోని జబ్బులు ఎక్కువగా నెట్‌వర్కువి. ప్యాకేజీ మేనేజరు దిగిన ఫైలుకు చెక్‌సమ్, అంటే హ్యాష్, లెక్కగట్టి, ముందే ప్రకటించిన విలువతో పోల్చుతుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. సిగ్నలు తెగి ఫైలు సగమే దిగినా, మధ్యలో ఉన్న ప్రాక్సీ పాత ప్రతిని అందించినా హ్యాష్ సరిపోలేదనే సందేశం వస్తుంది. అప్పుడు చేయవలసినది సగం దిగిన ఫైలును చెరిపి మళ్లీ తెప్పించడం, లేదా మరో మిర్రర్ సర్వరుకు మారడం. చెక్‌సమ్ పరీక్షనే ఆపేసి ముందుకు సాగే సలహాలు కొన్నిచోట్ల కనిపిస్తాయి. వాటిని పాటించకూడదు. యంత్రం గడియారం తప్పినా ఏపీటీ ఆగిపోతుంది. ప్యాకేజీలు నిల్వ ఉండే రిపాజిటరీ సంతకపు ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని అంటుంది. చాలాకాలం మూలన పడి ఉన్న పాత కంప్యూటరులో తేదీ వెనక్కి పోయి ఉండటమే దీనికి తరచైన కారణం. ఇన్‌స్టాల్ నడుస్తుండగా కరెంటు పోతే డెబియన్ కుటుంబంలో ప్యాకేజీలను అమర్చే డీపీకేజీ అర్ధాంతరంగా ఆగిన సంగతిని గుర్తుపెట్టుకుంటుంది. మిగిలిన ప్యాకేజీల అమరికను పూర్తిచేయడానికి ఏ ఆజ్ఞ ఇవ్వాలో ఏపీటీయే చెబుతుంది కూడా. ఆ ఆజ్ఞను ఉన్నదున్నట్టు ఇస్తే చాలు.

డిపెండెన్సీల దగ్గర కొత్తవారిని అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టే విషయం ఒకటుంది. టెసెరాక్ట్ బొమ్మలను చదవడానికి డాన్ బ్లూమ్‌బర్గ్ రూపొందించిన లెప్టోనికా అనే లైబ్రరీని వాడుకుంటుంది. యంత్రంలో లెప్టోనికా ఉందని ప్యాకేజీ జాబితా చూపిస్తుంది, బిల్డు మాత్రం లేదంటుంది. రెండూ నిజమే. డెబియన్ ఒక్కో లైబ్రరీని రెండు ముక్కలుగా అందిస్తుంది. ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ముక్క ఒకటి. కొత్త ప్రోగ్రాములు కట్టడానికి కావలసిన హెడరు ఫైళ్లున్న ముక్క రెండోది, దాని పేరు చివర డెవ్ అని ఉంటుంది. ఫెడోరాలో ఇదే డెవెల్. ఆల్‌హెడర్స్ అనే ఫైలు దొరకలేదని కంపైలరు అంటే లెప్టోనికా డెవ్ ప్యాకేజీ లేదని అర్థం. హెడరు ఫైలు దొరకలేదనే సందేశాలలో ఎక్కువ శాతం ఇలాంటివే. ఆ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో వెతికిపెట్టే సాధనం ఏపీటీకి ఉంది, దాని పేరు ఏపీటీ-ఫైల్. ఊహించడం కన్నా దాన్ని అడగడం మేలు.

కాన్ఫిగర్ దశ ఓపికగా చదవవలసినది. టెసెరాక్ట్ కాన్ఫిగర్ స్క్రిప్టుకు తగిన లెప్టోనికా దొరకకపోతే 1.74 లేదా ఆపై వెర్షను కావాలని, ఫలానా డెవ్ ప్యాకేజీ వేసుకుని చూడమని మందు కూడా చెబుతుంది. ఆ వాక్యాన్ని చదవకుండా తెర మూసేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవారే ఎక్కువ. అయితే లెప్టోనికాను విడిగా సోర్సు నుంచి కట్టుకున్నవారికి, అన్నీ ఉన్నా ఇదే సందేశం రావచ్చు. లైబ్రరీల చిరునామాలు చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ అనే సాధనం కొన్ని నిర్ణీత డైరెక్టరీలలోనే వెతుకుతుంది. లెప్టోనికా తన చిరునామా ఫైలును మరోచోట పెట్టి ఉంటే దానికి కనబడదు. ఆ చోటును పీకేజీ-కాన్ఫిగ్ పాత్ అనే చరరాశిలో చేర్చితే సరిపోతుంది. కాన్ఫిగర్ తెరమీద చూపేది తక్కువ. ఏ పరీక్ష చేసింది, కంపైలరుకు ఏ ఆజ్ఞ ఇచ్చింది, దానికి ఏ జవాబు వచ్చింది అన్నది కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలులో పూర్తిగా రాసి ఉంచుతుంది. తెరమీద లేదు అని ఒక్క మాట వచ్చినచోట, ఎందుకు లేదో ఆ లాగులో ఉంటుంది.

లోపంగా కాక హెచ్చరికగా వచ్చి దాటిపోయేవి మరింత ప్రమాదకరం. టెసెరాక్ట్‌కు కొత్త అక్షర రూపాలు నేర్పే సాధనాలు వేరుగా ఉన్నాయి. అవి తెలుగు వాక్యాలను రకరకాల ఫాంట్లలో బొమ్మలుగా గీసి, ఆ బొమ్మలను చూపించి నేర్పుతాయి. తెలుగులో గుణింతం, వత్తు తమ తమ స్థానాల్లో సరిగా కూర్చోవాలంటే అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చితే చాలదు. ఏ వత్తు ఏ రూపంలో ఎక్కడ పడాలో తేల్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. పాంగో అనే మరో లైబ్రరీ దాని సాయంతో పంక్తులు కూర్చుతుంది. కాబట్టి నేర్పే సాధనాలకు పాంగో, బొమ్మలు గీసే కైరో, యూనికోడ్ లైబ్రరీ ఐసీయూ మూడూ తప్పనిసరి. అవి లేకపోతే కాన్ఫిగర్ ఆగిపోదు. ట్రైనింగ్ సాధనాలు కట్టబడవని ఒక హెచ్చరిక పెట్టి ముందుకు సాగుతుంది. ప్రధాన ప్రోగ్రాము కంపైలై ఇన్‌స్టాల్ అవుతుంది కూడా. ఆ తరువాత బిల్డును నడిపే మేక్ అనే సాధనంతో మేక్ ట్రైనింగ్ అని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, లోపాలు లేకుండా మళ్లీ కాన్ఫిగర్ చేయాలని మాత్రమే జవాబు వస్తుంది. కారణం అంతకుముందెప్పుడో పైకి జరిగిపోయిన తెరలో ఉండిపోయింది.

ఇంకా లోతుగా దాగేవీ ఉన్నాయి. లెప్టోనికాను కట్టేటప్పుడు పీఎన్‌జీ లైబ్రరీ డెవ్ ప్యాకేజీ లేకపోతే లెప్టోనికా మారుమాట లేకుండా పీఎన్‌జీ చదవలేని రూపంలో తయారవుతుంది. దానిమీద కట్టిన టెసెరాక్ట్ కూడా విజయవంతంగా ముగుస్తుంది. కైఫీయతు పుటను పీఎన్‌జీ బొమ్మగా ఇచ్చినప్పుడే ఆ పని చేసే భాగం లేదని తేలుతుంది. దోషం టెసెరాక్ట్‌లో కనబడుతుంది, ఉన్నది దాని కిందిదానిలో. సాఫ్ట్‌వేర్‌లో మెట్టు కింద మెట్టుగా ఆధారాలు ఉన్నంతకాలం ఈ స్థానభ్రంశం తప్పదు.

అందువల్ల లాగును చదివే దిశ ముఖ్యం. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద చివరి మడికి నీరు రాకపోతే రైతు మడిని తవ్వడు, కాలువ వెంట పైకి నడిచి గండి ఎక్కడ పడిందో చూస్తాడు. లాగులోనూ చివరి వరుస నుంచి పైకి వెళ్లి మొట్టమొదటి లోపాన్ని పట్టుకోవాలి. మొదటి హెడరు ఫైలు దొరకకపోతే అందులో నిర్వచించిన ప్రతి పేరూ కంపైలరుకు కొత్తదే అవుతుంది. ఒక్క లోపం వెనుక వందలు పుడతాయి. మొదటిది తీరితే మిగిలినవి వాటంతటవే పోతాయి. బహుళ కోర్ల యంత్రాలలో మేక్ చేత అనేక ఫైళ్లను ఏకకాలంలో కంపైల్ చేయిస్తే ఒకదాని లోపం మరొకదాని సందేశాల మధ్య చిక్కుకుంటుంది. అప్పుడు ఒక్కో పనిగానే నడపమని మేక్‌కు చెప్పి మళ్లీ కట్టిస్తే ఆగినచోటే తొలి లోపం నిలబడి కనిపిస్తుంది. యంత్రపు భాషను తాత్కాలికంగా ఇంగ్లీషుకు మార్చి లాగు తీయడమూ మంచిదే. తెలుగులోకో మరో భాషలోకో మారిన సందేశంతో వెతికితే ఇతరులు ఇంతకుముందు కనుగొన్న పరిష్కారం దొరకడం కష్టం.

కంపైలింగ్‌లో ఆగిపోవడానికి ప్రోగ్రాములోని తప్పు కన్నా కంపైలరు వయసే తరచైన కారణం. టెసెరాక్ట్ ఐదో వెర్షనుకు సీ ప్లస్ ప్లస్ 17 ప్రమాణం తెలిసిన కంపైలరు కావాలి. ఉబుంటు 16.04తో వచ్చిన ఐదో తరం జీసీసీకి ఆ ప్రమాణం పూర్తిగా తెలియదు. అలాంటి చోట సోర్సును దిద్దబోవడం వృథా, కంపైలరునైనా మార్చాలి, టెసెరాక్ట్ పాత వెర్షనైనా తీసుకోవాలి. కంపైలరు ఏ కారణమూ చెప్పకుండా చంపబడింది అనే మాటతో ముగిస్తే అది చాలావరకు మెమొరీ చాలక కెర్నలు చేసిన పని. నాలుగు జీబీ ర్యామున్న ల్యాప్‌టాపులో ఎనిమిది పనులు ఒకేసారి మొదలుపెడితే ఇది జరగవచ్చు. పనుల సంఖ్య తగ్గిస్తే బిల్డు నిదానంగానైనా పూర్తవుతుంది.

లింకరు దశలో నిర్వచనం లేని పేరు అనే లోపం వస్తే హెడరు దొరికింది, లైబ్రరీ దొరకలేదు లేదా దొరికిన లైబ్రరీ వేరే వెర్షనుది అని అర్థం. ఇన్‌స్టాల్ అయ్యాక ప్రోగ్రామును పిలిస్తే టెసెరాక్ట్ లైబ్రరీనే తెరవలేకపోయానని చెప్పడం ఇదే కుటుంబపు మరో జబ్బు. కొత్తగా చేరిన లైబ్రరీ లినక్సు లోడరు జాబితాలో ఇంకా ఎక్కలేదు. ఎల్‌డీకాన్ఫిగ్ అనే ఆజ్ఞ ఆ జాబితాను తాజా చేస్తుంది.

పాత అవశేషాలు ఒక పెద్ద సమస్య. అసలు మేక్ పుట్టుకే అక్కడుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ అనే శాస్త్రవేత్త ఒక ఉదయమంతా సరైన ప్రోగ్రామునే పరీక్షిస్తూ కూర్చున్నాడు. తప్పును అప్పటికే దిద్దాడు గాని, దిద్దిన ఫైలు మళ్లీ కంపైల్ కాలేదు. ఆ బాధ విన్న స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ఏ ఫైలు మారితే దేన్ని మళ్లీ కట్టాలో తానే చూసుకునే మేక్‌ను రాశాడు. అయినా మేక్ చూసేది ఫైళ్ల తేదీలనే. కంపైలరు మారినా, లైబ్రరీ మారినా దానికి తెలియకపోవచ్చు. అందుకే ఒక దిద్దుబాటు తరువాత కూడా అదే లోపం వస్తే పాత బిల్డు డైరెక్టరీని పూర్తిగా తుడిచి కొత్తగా కట్టాలి. మ్యాక్‌పోర్ట్స్‌లో, ఎన్‌పీఎంలో, పిప్‌లో దీనికి తగిన ఆజ్ఞలు ఉన్నాయి.

ఒకే యంత్రంలో రెండు ప్యాకేజీ మేనేజర్లు ఉన్నప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. ఇంటెల్ మ్యాక్‌లలో హోమ్‌బ్రూ తన ఫైళ్లను యూఎస్ఆర్ కింద లోకల్ డైరెక్టరీలో పెడుతుంది. మ్యాక్‌పోర్ట్స్ ఆప్ట్ కింద లోకల్‌లో పెడుతుంది. కంపైలరు అడగకుండానే వెతికే చోట్లలో మొదటిది ఉండటం వల్ల మ్యాక్‌పోర్ట్స్ కడుతున్న ప్రోగ్రాములోకి హోమ్‌బ్రూ హెడరు వచ్చి పడుతుంది. హెడరు ఒకదానిది, లైబ్రరీ మరొకదానిది అయితే బిల్డు విరగవచ్చు. ఒక యంత్రానికి ఒకే మేనేజరును నమ్ముకోవడం ఉత్తమం.

డైరెక్టరీ పేరు కూడా బిల్డును ఆపగలదు. గండికోట కైఫీయత్ అని రెండు మాటల మధ్య ఖాళీతో ఫోల్డరు పెట్టి అందులో సోర్సు విప్పితే బిల్డు మధ్యలో విరిగిపోవచ్చు. మేక్ ఖాళీని రెండు పేర్ల మధ్య హద్దుగా చదువుతుంది, ఒక పేరును రెండుగా విడదీస్తుంది. ఖాళీకి బదులు అడ్డగీత పెడితే చాలు.

కొన్నిసార్లు బిల్డు మొదలే కాదు, ఈ వెర్షన్లన్నీ ఒకచోట ఇమడవని మేనేజరు తేల్చేస్తుంది. ఒక ప్యాకేజీ లెప్టోనికా కొత్తది కావాలంటుంది, మరొకటి పాతదే ఉండాలంటుంది. వేల ప్యాకేజీల మధ్య అందరికీ సమ్మతమైన కూర్పు ఉందో లేదో తేల్చడం గణన శాస్త్రంలో ఎన్‌పీ-కంప్లీట్ అనే కఠిన వర్గానికి చెందుతుంది. 2000ల దశకంలో ఐరోపాకు చెందిన ఈడీఓఎస్ పరిశోధన ప్రాజెక్టు డెబియన్, ఆర్‌పీఎం ప్యాకేజీల విషయంలో దీన్ని నిరూపించింది. ఆ తరువాత 2008లో ఓపెన్‌సూసే 11.0 తర్కశాస్త్రపు శాట్ పరిష్కర్తను ప్యాకేజీ మేనేజరులో వాడింది. అయితే జవాబు లేని ప్రశ్నకు ఎంత మంచి పరిష్కర్త అయినా జవాబు ఇవ్వలేదు. ఇలాంటి ముడులకు ఆచరణలో తరచుగా కారణమయ్యేది బయటినుంచి చేర్చిన అదనపు రిపాజిటరీలే. వాటిని ఒక్కొక్కటిగా తీసి చూడటం మొదటి చికిత్స.

యంత్రంలోని లోపమూ కాక, కట్టేవారి వల్లా కాక బిల్డు ఆగే రోజులుంటాయి. 2016 మార్చి 22న ఎన్‌పీఎం నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత తొలగించగా ప్రపంచమంతటా వేల బిల్డులు ఆగిపోయాయి. ఎన్‌పీఎం దాన్ని కొద్ది గంటల్లోనే తిరిగి నిలబెట్టి, తొలగింపు నియమాలను ఆ తరువాత బిగించింది. ఏ ప్యాకేజీ ఏ వెర్షను వాడారో నమోదు చేసే లాక్ ఫైలు, దిగిన సోర్సుల సొంత నకలు ఉన్నవారికి ఇటువంటి రోజు తక్కువ నష్టం. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జడ్ ఉదంతం ఇంకా తీవ్రమైనది. ఆ కుదింపు సాఫ్ట్‌వేర్ విడుదల ఫైళ్లలోని బిల్డు స్క్రిప్టులోనే దొంగదారిని తెరిచే కోడును దాచారు. రిమోట్ లాగిన్‌కు అర సెకను అదనంగా పడుతోందని గమనించి, ఎందుకని తవ్వి చూసిన ఆండ్రెస్ ఫ్రాయండ్ వల్ల అది పట్టుబడింది. బిల్డు ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవాలనే పట్టుదల ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

పైథాన్‌లో పనిచేసేవారికి మరో మాట. పై-టెసెరాక్ట్ అనే పైథాన్ ప్యాకేజీ టెసెరాక్ట్‌ను పిలిచే తొడుగు మాత్రమే. పిప్ దాన్ని వేస్తుంది, టెసెరాక్ట్‌ను వేయదు. టెసెరాక్ట్ ఇన్‌స్టాల్ కాలేదనే సందేశానికి మందు పిప్ దగ్గర లేదు, ఏపీటీ దగ్గర ఉంది.

చికిత్సలో ఒక క్రమశిక్షణ అవసరం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది రాసిపెట్టుకోవాలి. దొరికిన సలహాలన్నీ ఒకేసారి ప్రయోగిస్తే బిల్డు పూర్తయినా ఏది పనిచేసిందో తెలియదు, యంత్రంలో మాత్రం కొత్త మచ్చలు మిగులుతాయి. కంటైనరులో గాని, పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో గాని ప్రయోగాలు చేస్తే ప్రధాన యంత్రం చెక్కుచెదరదు. నిన్నటి వెర్షను కట్టబడి నేటిది కట్టబడకపోతే సోర్సు మార్పుల చరిత్రను నిల్వచేసే గిట్‌లో బైసెక్ట్ అనే ఆజ్ఞ ఉంది. ప్రతిసారీ మార్పుల జాబితాను సగానికి చీల్చుతూ వెయ్యి మార్పులలోనైనా దోషిని పది పరీక్షల్లో పట్టిస్తుంది.

అప్పటికీ తెగకపోతే సహాయం అడగాలి. అడిగేవారు తెర ఫొటోతో సరిపెట్టకుండా పూర్తి లాగును, ఆపరేటింగ్ సిస్టం, కంపైలరు, లైబ్రరీల వెర్షన్లను, ఇచ్చిన ఆజ్ఞలను వరుసగా జతచేస్తే జవాబు త్వరగా వస్తుంది. పరిష్కారం దొరికాక దాన్ని తనలోనే ఉంచుకోవడం న్యాయం కాదు. తెలుగు సాఫ్ట్‌వేర్ కట్టేవారు కొద్దిమందే కాబట్టి తెలుగుకు సంబంధించిన బిల్డు లోపాలు ఎవరూ నివేదించక ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. ఇడుపులపాయలోని ఆర్‌కే వ్యాలీ ట్రిపుల్ ఐటీలోనో, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, మరే ఊళ్లోనో చదివే విద్యార్థి ఒక బిల్డును దిద్దుకున్నప్పుడు ఆ దిద్దుబాటును ఆ ప్యాకేజీ నిర్వాహకులకు తప్పకుండా పంపాలి.